మా ఇల్లు చుక్కంతైన పటం

నా చిన్నప్పుడు మా సావిడిలో దేవుడి పటాల కంటే పైన ఇంకొక పటం వేలాడుతుండేది. అరకు కొండల్లో ఒకప్పుడు మా ముఠా కింద, అంటే మా పెద్దల ఏలుబడిలో, ఉన్న ఊళ్ళన్నీ మందపాటి గుడ్డ మీద గీసిన పటం అది. నడుమ మా ఇల్లు, ఎర్రరంగులో, నా అరచేయంత. చుట్టూ గూడేలు ఆవగింజల్లా. కొండలన్నీ మా ఇంటివైపు తలలు వంచి నిలబడ్డట్టుండేవి. ప్రతి కొండకూ, గెడ్డవాగుకూ, ముసలి పనసచెట్టుకూ పేరు రాసి ఉండేది. వేలు ఆనించడానికి కూడా ఎక్కడా ఖాళీ లేదు. గీయించింది మా తాతయ్యగారి తాత.

నేను పుట్టేనాటికే ముఠాదారీ పోయింది. దాని వెనకే పొలం పోయింది, పెరటివైపు పైకప్పు కూలింది. పటమూ, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటూ మిగిలాయి. అంబలి తాగినా కంచు గిన్నెలోనే తాగేవాళ్ళం. అందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను. రోజూ పొద్దున తాతయ్య నన్ను ఆ పటం ముందు నిలబెట్టి కొండల పేర్లు చెప్పించేవారు. మా కొండలు ఇంకా మావేనన్నంత గర్వంగా నేను చెప్పేదాన్ని.

ఆ చలికాలం మైదానం నుంచి టీకాలు వేసే నర్సమ్మ వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. మెడలో చిన్న సిలువ, చేతిలో టీకామందు పెట్టె. ఉండడానికి చోటు లేకపోతే తాతయ్య మా వీధిగది ఇచ్చారు. ఊరంతా ఆయనను 'దొర' అంటే ఆవిడ మాత్రం 'తాతగారూ' అనేది. అలా పిలిచే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. మా ఇంట్లో అందరికీ అది ముల్లులా గుచ్చుకున్నా, అతిథి గనక ఊరుకున్నాం.

కొండకు అవతల గూడెంలో మశూచి కనిపించిందని కబురొచ్చింది. ఇంకా సోకని పిల్లలకు బేగి టీకాలు వెయ్యాలి. గూడెంవాళ్ళు భయంతో దారులకు కంపలు అడ్డం వేసుకున్నారు. ఇటువైపు నుంచి తోడు వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్కర్తినే వెళ్తానంది నర్సమ్మ. తాతయ్య పొద్దంతా కూర్చుని గోడమీద పటానికి నకలు గీసి ఇచ్చారు. ఒక్క పేరూ వదల్లేదు. మా మేనత్త, తాతయ్య కూతురు, భర్త పోయాక మా దగ్గరే ఉండేది. ఆవిడ ఆ కాగితం కేసి చూసి, "మంచు దిగితే ఇందులో ఏటి కనపడతాది నానా?" అంది.

మర్నాడు నర్సమ్మ ఎండలోనే బయలుదేరింది. కాసేపటికే మంచు దిగింది. మా కొండల్లో మంచు పడడం కాదు, వచ్చి కూర్చుంటుంది. పెరట్లో కట్టిన మేక గొంతు వినిపిస్తుంది గాని మేక కనబడదు. అటువంటప్పుడు మాకొక కట్టుబాటుంది. మంచులోంచి ఒక్కసారి పిలిచిన గొంతుకు పలకకూడదు. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. మూడో పిలుపుకు గాని మావాళ్ళు నోరు విప్పరు.

మధ్యాహ్నం వేళ, ఇంటి పైన కొండవాలులోంచి "తాతగారూ" అని పిలుపు వచ్చింది. మేమంతా వసారాలోకి వచ్చి నిలబడ్డాం. రెండోసారి కోసం చెవులు రిక్కించాం. రాలేదు. చాలాసేపటికి అదే గొంతు, అదే మాట, ఈసారి పడమటి పల్లంలోంచి వచ్చింది. ఒక్కసారే. ఆ పల్లంలోకి మేకలు కూడా దిగవు. మా పనిమనిషి చేతిలో చేట వదిలేసి లోపలికి పోయింది. తాతయ్య స్తంభంలా నిలబడి ఉన్నారు.

మేనత్తే మాట్లాడింది. "అది మైదానపోళ్ళ పిల్ల నానా. మన కట్టు దానికేటి తెలుస్తాది? పలకలేదంటే ఇంట్లో ఎవలూ లేరనుకుంటాది. మళ్ళీ పిలవదు."

తాతయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తరవాత, తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేశారు. కొండవైపు తిరిగి, "ఇటు రా అమ్మా, ఇటు" అని పలికారు. ఆమె చేరేదాకా పిలుస్తూనే ఉన్నారు. పల్లంవైపు మాత్రం తల తిప్పలేదు.

నర్సమ్మ పైనుంచి దిగి వచ్చింది. చీర చిరిగింది, మోకాళ్ళు దోక్కుపోయాయి, మందు పెట్టె మాత్రం గుండెకు హత్తుకునే ఉంది. మేనత్త ఇచ్చిన అంబలి తాగాక చెప్పింది. పటంలో మా ఇల్లు అంత పెద్దదిగా ఉంటే ఎక్కడ తప్పిపోయినా కనబడుతుందనుకుందట. కొండలన్నీ మా ఇంటివైపే వంగి ఉండడంతో ఎటు తిరిగినా ఇంటికే వస్తున్నాననుకుందట. అసలు కాలిబాట ఆ పేర్ల కింద ఎక్కడ నలిగిపోయిందో తెలియలేదట. గూడెం మాట దేవుడెరుగు, ఇంటి చుట్టూనే తిరిగింది.

"పల్లంలోకి ఎందుకు దిగేవమ్మా?" అని అడిగింది మేనత్త.

"పల్లమెక్కడుంది? నేను పైనే ఉన్నాను. ఒకసారి పిలిచాను, మీరు పలకలేదు" అంది ఆవిడ.

తరవాత నేను తాతయ్యను అడిగాను, రెండు గొంతులూ ఒకటే కదా, పైదే మనిషిదని ఎలా తెలిసిందని. కింది గొంతుకు ఆయాసం లేదన్నారు ఆయన.

మర్నాడూ మంచు విడవలేదు. తాతయ్య తన తలపాగా విప్పి నా కళ్ళకు గంతలు కట్టారు. భుజం మీద చెయ్యి వేసి, గూడెం దారిలో నన్ను ముందు నడిపించారు. ఆ దారి నేను ఎన్నోసార్లు తిరిగిందే. "చూపు లేనోడికి దారి చెప్పు" అన్నారు. నాకు తోచినవి చెబుతూ పోయాను. ఎడమచేతివైపు గెడ్డ హోరు. కాళ్ళకింద గరుకు పోయి నున్నటి బండ. తరవాత వలిస చేను, మొక్కలు చేతులకు తగులుతాయి. పనసచెట్టు దగ్గర కుళ్ళిన ఆకు వాసన. ఆయన వెనకనుంచి ఊఁ కొడుతున్నారు.

పడమటి పల్లం అంచుకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. గెడ్డ హోరు తెగిపోయింది. పిట్ట లేదు, గాలి లేదు, నా అడుగుల చప్పుడు కూడా నాకు వినిపించలేదు. నా భుజం మీద తాతయ్య చెయ్యి ఉందో లేదో తెలియలేదు. "ఇక్కడ ఏటీ లేదు తాతయ్యా" అన్నాను. ఆ చెయ్యి బిగుసుకుంది. నన్ను మెల్లగా కుడివైపు మళ్ళించింది. మళ్ళీ గెడ్డ వినిపించేదాకా ఆ చెయ్యి వదల్లేదు. దూరాన గూడెం పొయ్యిల పొగ వాసన తగిలాక వెనక్కి తిరిగాం.

ఇంటికి వచ్చి తాతయ్య మొన్నటి నకలును బోర్లించి, వెనకవైపు బొగ్గుతో గీశారు. లావుపాటి గీత ఒక్కటి, అదే బాట. గెడ్డ వినిపించే చోట చెవి బొమ్మ, బండ దగ్గర పాదం, చేను దగ్గర చెయ్యి, పనస దగ్గరా పొగ దగ్గరా ముక్కు. ఏ బొమ్మ దేనికో కింద మూలన రాశారు. ఒక్క కొండ పేరూ లేదు. మంచులో కొండలు కనపడవు గనక. మా ఇల్లు చివర చిన్న చుక్క.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మన ఇల్లు ఇంతేనా అని అడిగాను.

"ఆ పిల్ల ఎల్లేది మనింటికి కాదు గదే" అన్నారు తాతయ్య.

పల్లం ఉన్నచోట గుండ్రంగా గీత గీసి లోపల ఏమీ రాయలేదు. గోడమీద పటంలో అక్కడ 'దొరగారి వేటకొండ' అని ఉంది. నిజానికి అక్కడ కొండా లేదు, మావాళ్ళెవరూ అక్కడ వేటాడనూ లేదు. ఖాళీ ఉంటే చిన్నతనమని మా పెద్దలు పేరు పెట్టారు. తాతయ్య నర్సమ్మకు కాగితం ఇస్తూ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడేటుందో మాకు తెలీదు. తెలీనిదానికి పేరు రాయకూడదు. పక్కనుంచి పో, ఎవలు పిలిచినా మూడోసారి దాకా పలకకు" అన్నారు.

మర్నాడు ఆవిడ మంచులోనే వెళ్ళింది. తాతయ్య పొద్దున్నుంచి వసారాలోనే, వెన్ను నిటారుగా, కదలకుండా కూర్చున్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. పొద్దు వాలే వేళకు నర్సమ్మ ఖాళీ పెట్టెతో తిరిగి వచ్చింది. పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. గూడెంవాళ్ళు కంప తీసి దారి ఇచ్చారట. చెప్పులు విప్పుకుంటూ తాతయ్యను అడిగింది:

"పల్లం దగ్గరికి మీరెందుకొచ్చారు తాతగారూ? 'ఇటు రా అమ్మా' అని పిలిచారు కదా. మళ్ళీ పిలుస్తారేమో అని చూశాను. పిలవకపోతే నా దారిన నేను పోయాను."

తాతయ్య లేచి లోపలికి వెళ్ళి, గోడమీది పటాన్ని దించి చుట్టి అటక మీద పెట్టించారు. మళ్ళీ దాన్ని తగిలించలేదు.

ఇప్పుడు మా అన్నయ్యగారి మనవడు రోడ్డు పక్కన పర్యాటకులకు గదులు అద్దెకిస్తున్నాడు. వాళ్ళకోసం రంగుల పటం అచ్చువేయిస్తూ నాకు తెచ్చి చూపించాడు. కూలిన మా ఇంటికి పెద్ద నక్షత్రం పెట్టాడు. అది తీసేసి, మంచినీళ్ళు దొరికే చోటూ, ఫోను పని చెయ్యని మలుపూ పెట్టమన్నాను. పల్లం దగ్గర బోసిగా ఉంది, ఏ 'సెల్ఫీ పాయింట్' అనో పెట్టేద్దామన్నాడు. ఖాళీగా ఉంచమన్నాను. నవ్వాడు, కాని ఉంచాడు. మా ఇంట్లో పెద్దల మాటకు ఆ మాత్రం విలువ ఇంకా ఉంది.

మంచు దిగిన రోజున మనవడి ఇంటి వసారాలో నేనొక్కదాన్నే కూర్చుంటాను. ఒక్కోసారి పడమటి వైపు నుంచి మా తాతయ్య గొంతు నన్ను పిలుస్తుంది. ఆయాసం లేని గొంతు. వెన్ను నిటారుగా పెట్టుకుని రెండో పిలుపు కోసం చూస్తాను. ఇంతవరకు రాలేదు. నేనూ పలకలేదు.