జింకకి మచ్చల జాకెట్ అవసరమా? హోతా కొండల్లో ఒక శుక్రవారం

జింకను దగ్గరగా చూడాలంటే మట్టిలో, పొదల్లో కలిసిపోయే మచ్చల బట్టలు వేసుకోవాలా, అక్కర్లేదా? ఈ ఒక్క ప్రశ్న మీద నేనూ రాజారామూ ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. వాడిది నిర్మల్ దగ్గర పల్లె, నాది ఏలూరు. రియాద్‌లో ఒకే కంపెనీ, ఒకే గది. వాడు సైట్లో ఫోర్‌మన్, నేను స్టోర్ కీపర్ని. గదిలో ఇంకో ఇద్దరిని కలుపుకుని, కుదిరిన శుక్రవారమల్లా జింకలు చూద్దామని హోతా కొండలకి పోయేవాళ్ళం. ఎప్పుడు పోయినా దూరంగా పరుగెత్తే తోకలు తప్ప ఏమీ కనబడేవి కావు. వేటగాళ్ళ వీడియోలు చూసీ చూసీ రాజారాం తప్పంతా నా చొక్కాదే అని తేల్చేశాడు. “అన్నా, నువ్వు గిట్ల తెల్లంగి ఏసుకొని వస్తే జింకలు గాదు, ఒంటెలు గూడ ఉరుకుతయి” అనేవాడు. బత్హా బజారుకి పోయి మచ్చల జాకెట్ కూడా కొనుక్కొచ్చాడు. అది వేసుకున్నాక వాడికీ తోకలే కనిపించాయి. ఆ తప్పు కూడా నా చొక్కాదేనట.

తర్వాత, స్థానికులకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. మా నివాస కార్డులు, ఇకామాలు, రెన్యూ కావడం ఆగిపోయింది. మనిషికింత అని లెవీ కట్టలేక కంపెనీ ఒక్కొక్కరినే ఎగ్జిట్ మీద పంపేసింది. మా గదిలో ముందు ఆ ఇద్దరు, పోయిన చలికాలంలో రాజారాం. ఇక్కడ మాలో ఒక అలవాటుంది. పోయేవాడు విమానంలో పట్టని సామాను మిగిలినవాడికి వదిలి పోతాడు. అలా నా ఒక్కడి గదిలో ఇప్పుడు మూడు రైస్ కుక్కర్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు ఉన్నాయి. రాజారాం తన జాకెట్ మడిచి నా మంచం మీద పెట్టి, “ఇగ నువ్వే ఏసుకొని పోయి చూడు. నేను గెలిచిన్నని ఫోన్ చేసి ఒప్పుకోవాలె” అన్నాడు. మొదట్లో వారం వారం మాట్లాడుకునేవాళ్ళం. మెల్లగా అది “తిన్నవా అన్నా?” “తిన్నా” దగ్గర ఆగిపోయింది. మా మధ్య మిగిలిన ఒకే ఒక్క మాట ఈ తగువు. దాన్ని తేల్చి వాడికి చెప్పాలని బయల్దేరాను. కనీసం ఒక పూట కడుపునిండా పోట్లాడుకోవచ్చని నా ఆశ.

ముందే చెప్పాలి, అక్కడ వేట పూర్తిగా నిషేధం. అది సంరక్షణ ప్రాంతం, లోపలికి పోవడానికి ముందే అనుమతి తీసుకోవాలి. అయినా చేతిలో తుపాకీ ఉన్నా కెమెరా ఉన్నా జింక కంట పడకుండా కూర్చోవడమే కదా సమస్య. వేటగాడి ప్రశ్నే మాదీ. రియాద్ నుంచి అల్ ఖర్జ్ మీదుగా హోతాకి రెండున్నర గంటలు పడుతుంది. బస్సు నమ్ముకుంటే పని కాదు. పెట్రోలుతో కలిపి మూడు వందల యాభై రియాళ్ళకి కారు మాట్లాడుకున్నాను. ఇంతకు ముందు నలుగురం పంచుకునేవాళ్ళం కాబట్టి ఎంతవుతోందో పట్టించుకున్న గుర్తు లేదు. డ్రైవరు గంగాధర్‌ది జగిత్యాల. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యే వేళకి బయల్దేరాం. చలిగా ఉందని జాకెట్ తొడుక్కునే ఎక్కాను.

చెక్‌పోస్టు దీపాలు కనబడగానే గంగాధర్ కంగారుపడ్డాడు. “సార్, గా జాకెట్ ఇప్పుండ్రి ముందుగాల. మిలిటరోళ్ళ బట్టల లెక్కున్నది. ఇకామా అడుగకముందే దాని గురించి అడుగుతరు.”

నేను ఒక చెయ్యి బయటికి లాగేసరికే కారు పోలీసు ముందు ఆగింది. అతను జాకెట్ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని “అస్కరీ?” అన్నాడు, సైనికుడివా అని. నా పొట్ట వైపు కూడా ఒకసారి చూశాడు. “లా, లా. గజాల్” అన్నాను, కాదు, జింకల కోసమని. అతను నవ్వాపుకుని, ఇంకా గడువున్న నా ఇకామా చూసి, జాకెట్ డిక్కీలో పెట్టమని సైగ చేశాడు. ఈ దేశంలో మిలిటరీ రకం బట్టలతో రోడ్డెక్కకూడదని ఇన్నేళ్ళుండీ నాకు తట్టలేదు. కొండల దగ్గరికొచ్చాకే దాన్ని తొడుక్కునే రాజారాంకీ తట్టలేదు. వీడియోల్లో వేటగాళ్ళకి చెక్‌పోస్టులు ఉండవు మరి.

ఎనిమిదింటికల్లా కొండల దగ్గర ఉన్నాం. గేటు దగ్గర కాపలా మనిషి ఎండిన వాగు వైపు చెయ్యి చూపించి, కారు ఇక్కడే ఆపమన్నాడు. గంగాధర్‌ని తోడు రమ్మన్నాను.

“వద్దు సార్. నా నోరు ఊకుండదు. మీ జింకలు బెదురుతయి” అని సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు.

ముందు రాజారాం మాటకే అవకాశం ఇచ్చాను. డిక్కీలోంచి తీసిన జాకెట్ మెడదాకా బిగించి రాయి పక్కన కూర్చున్నాను. వాగు అవతల ఐదారు జింకలు కనబడ్డాయి. చూస్తుండగానే తలలెత్తి, ముక్కులు ఆడించి, కొండెక్కి పోయాయి. గాలి నా వీపు మీంచి అటే వీస్తోందని అప్పుడు తెలిసింది. జాకెట్‌కి పట్టిన సబ్బు వాసన వాటికి నాకంటే ముందే పరిచయమై ఉంటుంది. పది దాటేసరికి ఎండ ఎక్కింది. జాకెట్ విప్పేసి, మామూలు తెల్ల చొక్కాతో అవతలి గట్టుకి పోయి, గాలి మొహానికి తగిలేలా ఒక తుమ్మచెట్టు మొదట్లో కూర్చున్నాను. మాట్లాడటానికి ఎవరూ లేరు. లేచి తిరగాలన్న ఓపికా లేదు. అలాగే ఉండిపోయాను.

మూడు జింకలు వాగులోకి దిగాయి. మేసుకుంటూ, ఆగుతూ, మా గది నుంచి పక్కనే ఉన్న కిరాణా కొట్టు ఎంత దూరమో అంత దగ్గరికి వచ్చాయి. పెద్దది తలెత్తి సూటిగా నన్నే చూసింది. ఆ ఎండలో తెల్ల చొక్కా కనబడకపోయే మాటే లేదు. నేను కదల్లేదు. అది కాసేపు చూసి, తల వంచి మళ్ళీ మేయసాగింది. నా మోచెయ్యి దానంతటదే పక్కకి కదిలింది, రాజారాంని పొడవడానికి. పక్కన ఎవరూ లేరు. ఆ మాత్రం కదలికకే మూడూ ఎగిరి పారిపోయాయి. బట్టల సంగతి అక్కడితో తేలిపోయింది. మేం నలుగురం వస్తే ఒకడు పల్లీలు వలిచేవాడు, ఒకడు పాట అందుకునేవాడు, నేనూ రాజారామూ చొక్కా గురించి అరుచుకునేవాళ్ళం. ఏ బట్టలేసుకుంటే మాత్రం ఏ జింక వస్తుంది? చాలా ఏళ్ళకి జింక దగ్గరికొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం హోతా ఊళ్ళో పాకిస్తానీ హోటల్లో రోటీ, దాల్ తిన్నాం. ఇద్దరికీ ముప్పై రియాళ్ళు. సిగ్నల్ రాగానే రాజారాంకి ఫోన్ చేశాను. ఏం వాదిస్తాడో, నేనేం బదులివ్వాలో దారంతా సిద్ధం చేసుకున్నాను. గాలి లెక్క నువ్వు చూడలేదంటాడు. ఒక్కరోజుతో తేలదు, మళ్ళీ పొమ్మంటాడు.

“రాజారాం, జింక మన కిరాణా కొట్టంత దూరానికి వచ్చింది. తెల్ల చొక్కాతోనే ఉన్నాను. జాకెట్‌తో ఏ లాభమూ లేదు.”

అవతల మోటరు చప్పుడు వినిపిస్తోంది. “అట్లనా? సరె అన్నా, నువ్వన్నదే కరెక్టు” అన్నాడు. “మక్క చేనుకు నీళ్ళు పెడుతున్న. కరెంటు పోకముందే అయిపోవాలె. మల్ల చేస్త. తిన్నవా?”

“తిన్నా” అన్నాను.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒప్పుకోనివాడు ఒక్క ముక్కలో ఒప్పేసుకున్నాడు. వాడి మీద కోపం లేదు. వాడికి చేను ఉంది, నీళ్ళు పారించాలి. తెల్ల చొక్కాకీ జింకకీ ఉన్న గొడవ ఇక్కడ ఈ ఎడారిలో మాకు కావలసి వచ్చింది, అక్కడ వాడికి అక్కర్లేదు. గెలిచిన తర్వాత ఇంత ఖాళీగా ఉంటుందని తెలిస్తే ఇంకో పదేళ్ళు ఓడిపోయేవాణ్ణి. రియాద్ వచ్చేదాకా గంగాధర్ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఆపమనలేదు, ఆపితే బాగుండదనిపించింది.

పోదామనుకునేవాళ్ళకి ఒక్క సలహా. బట్టల మీద డబ్బు తగలెయ్యకండి. గాలి మొహానికి తగిలేలా, కదలకుండా, నోరు మూసుకుని ఒక్కరే కూర్చోండి, జింక తప్పకుండా వస్తుంది. కాదు, మీతో గొడవపడటానికి ఒక మనిషి ఉన్నాడా? అయితే అతన్ని తీసుకుని పోండి. జింక రాకపోయినా ఫర్వాలేదు.