పంతులుగారింట్లో పులస పులుసు

మా తమ్ముడి కూతురు నాగదుర్గ మొగల్తూరులో వలల మధ్య పెరిగిన పిల్ల. నర్సాపురంలో ఓ ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ అయింది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్నే. అయినా మా ఇంటిపేరు కాలేజీ బోర్డు మీదికి ఎక్కించింది మా పిల్లేనని ఎక్కడైనా చెబుతాను, ఎవరేమనుకుంటే నాకేంటి?

దుర్గ చేరిన కొత్తలో ‘గోదావరి అందాలు’ రాసుకు రమ్మంటే, క్లాసంతా ఒకే గైడులోంచి అచ్చుతప్పులతో సహా దించేసింది. 2003లో దుర్గ ప్రశ్న మార్చేసింది. “మీ ఇంట్లో అందరూ ఎదురుచూసే కూర ఏది? వండేవాళ్లని అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి.”

“ఇది కాలేజీయా, హోటలా?” అన్నారు ప్రిన్సిపాల్ అప్పాజీ గారు. “తల్లిదండ్రులెవరైనా గొడవకొస్తే మీ ఉద్యోగానికి నేను అడ్డుపడలేనమ్మా.”

రానే వచ్చారు. ఆవేళ నేను క్యారేజీ పట్టుకుని స్టాఫ్ రూములోనే ఉన్నాను. గుడి అర్చకులు పార్థసారథి గారు కొడుకు అనంతకృష్ణని వెంటబెట్టుకుని, ప్రిన్సిపాల్‌తో సహా లోపలికొచ్చారు.

“ఏమ్మా, మావాడికి సున్నా ఏంటండి? కూర్చుని మూడు పేజీలు రాశాడు!”

“మీరే చదవండి పంతులుగారూ,” అంటూ దుర్గ కాగితాలు చేతికిచ్చింది.

ఆయన మంత్రం చదివినట్టు గొంతెత్తి అందుకున్నారు. “గోదారికి ఎర్రనీరు రాగానే మా అమ్మ పులసని శుభ్రంగా తోమి, దాకలో బెండకాయలు వేసి...” అక్కడ కాగితం దించి కొడుకు వైపు తిరిగారు. పక్క బెంచీ బుజ్జిబాబు రాసింది మనవాడు కళ్లు మూసుకుని దించేశాడు!

“ఒరే అనంతూ! మీ అమ్మ పులస తోమిందిట్రా?”

నా నోరు ఊరుకుంటుందా? “అదృష్టవంతులండి పంతులుగారూ! వలేసే మాకే దొరకట్లేదు, నడుచుకుంటూ మీ దాకలోకి వచ్చేసిందన్నమాట!”

ఆయన నన్ను కొరకొరా చూశారు. అంతలోనే భుజాలు కదిలేలా నవ్వారు.

“వాళ్ల నాయనమ్మగారిని అడిగి మళ్లీ రాయమనండి. సున్నా కొట్టేస్తాను,” అంది దుర్గ.

తర్వాతి వారం అనంతకృష్ణ పనసపొట్టు కూర రాసుకొచ్చాడు. దుర్గ ఇంటికి తెచ్చి నాకు చదివి వినిపించింది. “ఆవ ఎక్కువైతే ముక్కు చెబుతుంది, తక్కువైతే మీ తాతగారు చెబుతారు,” అందిట ఆ ముసలావిడ. జన్మలో పనసపొట్టు తినని నాకు నోరూరిపోయింది.

ఆ కాగితం పట్టుకుని పార్థసారథి గారే ప్రిన్సిపాల్ గదికి వెళ్లారట. “ఈ అమ్మాయిని వదులుకోకండి,” అన్నారట.

వదులుతారా మరి? ఆ పిల్ల మేనత్త ఎవరనుకున్నారు!