గడ్డి మీద ఆరేసిన లాండింగ్ టీ

1944 వేసవి. తిరుపతికి తూర్పున, రేణిగుంట దాటాక, ముళ్లచెట్లు కొట్టి యుద్ధం కోసం చదును చేసిన విమానాల మైదానంలో నేను కంట్రోల్ గుమాస్తాను. బి.ఏ.లో తర్కశాస్త్రం చదివాను. ఆ మైదానంలో దాని అవసరం ఎవరికీ రాలేదు.

కంట్రోల్ అంటే నాలుగు కొయ్యల మీద నిలబెట్టిన రేకుల గది. అందులో ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక సిగ్నల్ దీపం, ఒక దొర, నేను. పైలట్‌తో మాట్లాడాల్సింది వైర్‌లెస్‌లోనే గానీ, ఆ రోజుల్లో రెండు వైపులా సెట్టు పనిచేస్తే మేం ఒకరినొకరు అభినందించుకునేవాళ్లం. పనిచేయనప్పుడు దిక్కు లాండింగ్ టీ. అంటే తెల్ల కాన్వాసు పట్టీలతో నేలమీద పరిచిన ఇంగ్లీషు టీ అక్షరం. నిలువు గీత వెంబడి, అడ్డగీత వైపుగా దిగమని పైనున్నవాడికి అర్థం. రన్‌వే మరమ్మతులో ఉంటే దాన్ని పక్కనున్న గడ్డి మీదికి మార్చేవాళ్లం. పైలట్లు గడ్డి మీదే దిగేవాళ్లు. టీ ఎక్కడుంటే దారి అక్కడ.

దాన్ని పరిచేది మునెప్ప అనే ఖలాసీ. పూతలపట్టు దగ్గరి మనిషి, నలభై దాటినవాడు. సెంటు భూమి లేదు. ఇంట్లో భార్య, ముగ్గురు ఆడపిల్లలు. ఈ ఉద్యోగం వచ్చాకే తనింట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోందని చెప్పేవాడు. పొద్దున్నే మేం చెప్పిన దిక్కుకు టీని తిప్పి, మూలల్లో రాళ్లు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి ముగ్గు చూసుకునే ఇల్లాలిలా చూసుకునేవాడు. అతనికి దొర ఇచ్చిన ఉత్తర్వు ఒకటే: పగలంతా టీ పరిచి ఉండాలి. దాన్ని తెలుగులో చెప్పింది నేనే. ఎందుకు పరచాలో దొర చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. దుమ్ముకు టీ ఎర్రబడి ఉంది. దొర ముఖం చిట్లించాడు. నేను మెట్లు దిగి వెళ్లి మునెప్పతో అన్నాను:

“రేపు తనిఖీ. టీ మల్లెపువ్వు మాదిరి ఉండల్ల.”

“ఉతికేదా సామీ?”

“ఉతికేయప్పా. మూడు గంటల దాకా విమానాల్లేవు.”

“పగలంతా పరిచే ఉంచల్లని దొర సెప్పినాడే?”

“ఏం, పరిచిపెట్టే ఉతుకుతావా? ఉతికినాక పరుచు, పో.”

నా జోకు నాకే నచ్చి మెట్లెక్కాను.

మునెప్ప ఉతికాడు. తడిగుడ్డను రన్‌వే దుమ్ములో పరిస్తే మళ్లీ ఎర్రబడుతుంది. అందుకని శుభ్రమైన గడ్డి వెతికి అక్కడ ఆరేశాడు. ఉత్తర్వు తప్పకుండా, టీ ఆకారంలోనే, రాళ్లతో సహా. ఆ గడ్డి కింద ఉన్నవి రన్‌వే కోసం మట్టి తవ్విన గుంతలు. పూడ్చి ఏడాది కాలేదు, అడుగు వేస్తే కాలు దిగబడేది. ఎండాకాలంలో ఆ చోటు పచ్చగా ఉన్నదీ అందుకే.

పన్నెండున్నరకు, మా జాబితాలో లేని విమానం ఒకటి వచ్చింది. పిలిచాను. జవాబు లేదు; దాని సెట్టు చచ్చిపోయింది. అది మైదానం మీద ఒక చుట్టు తిరిగి, బుద్ధిగా టీని వెతుక్కుని, గడ్డి వైపు వాలింది. నేను టీ ఎక్కడుందో చూసింది అప్పుడే. దిగవద్దని ఎర్రదీపం చూపించాను. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో అది వెలుగుతోందో లేదో పట్టుకున్న నాకే తెలియలేదు.

చక్రాలు దిగబడి, విమానం ముక్కు మీద లేచి బోర్లా పడింది. బయటికి లాగేసరికి పైలట్ ఇంకా మాట్లాడుతున్నాడు. “మీ టీ పక్కనే దిగాను కదా?” అని ఇంగ్లీషులో రెండుసార్లు అడిగాడు. మొదటిసారి అవునన్నాను. రెండోసారి జవాబు వినే స్థితిలో అతను లేడు. తిరుపతి ఆసుపత్రి చేరకముందే పోయాడు.

విచారణకు ముగ్గురు అధికారులు వచ్చారు. దుబాసీని నేనే. టీని చూసే పైలట్లు దిగుతారని తెలుసా అని మునెప్పను అడగమన్నారు.

“దాన్ని సూసి దిగతారా సామీ?” మునెప్ప నా వైపు తిరిగాడు. “జెండా మాదిరి మర్యాదకు పెడతారనుకొంటి. రెండేండ్లుగా ఈడనే ఉండాను, ఒగరూ సెప్పలేదే. నువ్వైనా సెప్పలేదే. ఉతకమని మాత్రం సెప్పినావు.”

“తెలియదంటున్నాడు, సర్,” అన్నాను.

“ఆ ముక్క చెప్పడానికి అంతసేపా?” అన్నాడొక అధికారి.

“పల్లెటూరి మనిషి, సర్. ఉన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి చెబుతాడు.”

ముగ్గురూ నవ్వారు. హాస్యంలో నేనెప్పుడూ వెనకబడలేదు.

ఖలాసీ అజాగ్రత్త అని తేల్చారు. ఉద్యోగం తీసేశారు, ఇక ఏ సర్కారు పనిలోనూ పెట్టుకోరాదని రాశారు. అనువాదం స్పష్టంగా ఉందని నన్ను మెచ్చుకున్నారు.

వెళ్లేరోజు మునెప్ప మూట చంకన పెట్టుకుని గేటు దగ్గర ఆగాడు.

“సామీ, నేను సెప్పిందంతా దొరలకు సెప్పినావా?”

“సెప్పినా.”

“అంతా ఇన్నాక కూడా అట్లనే రాసినారా?”

“ఆ.”

“అట్లయితే తప్పు నాదే అయ్యుంటాదిలే.” దండం పెట్టి వెళ్లిపోయాడు.

గుడ్డ పరిచేవాడికి తాను పైలట్‌తో మాట్లాడుతున్నానని తెలియాలి. ఈ ఒక్కటీ నేర్చుకున్నాను. తర్వాత వచ్చిన ప్రతి ఖలాసీనీ మొదటిరోజే రేకుల గదిలోకి ఎక్కించి, టీని పైనుంచి చూపించి, పైలట్ దాన్ని ఎలా చదువుతాడో వివరించేవాణ్ణి. ఒకసారి ఒకాయన శ్రద్ధగా అంతా విని, “ఆ విమానం పడినప్పుడు ఈడుండిన ఆయనకు ఇదంతా సెప్పలేదా సామీ?” అని అడిగాడు.

“చెప్పే ఉంటారు,” అన్నాను.