వహీదాకు నచ్చినవి

మరీహాకు కడుపునొప్పి ఎప్పుడూ మంగళవారమే వచ్చేది.

నేను గల్ఫ్‌లో, అల్ వక్రాలో ఒక ఇండియన్ స్కూల్లో నర్సును. పేరు విజయరాణి, మాది మెట్‌పల్లి. పన్నెండేళ్లుగా పిల్లల కడుపునొప్పులు చూస్తున్నాను. సగం నొప్పులు లెక్కల పరీక్ష రోజునే వస్తాయి, మధ్యాహ్నానికి పోతాయి. రెండో తరగతి మరీహాది అలాంటిది కాదు. మంగళవారం పదిన్నర కాగానే వచ్చి మంచం అంచున కూర్చునేది. మాత్ర వద్దనేది. అమ్మీని పిలవండి అనేది, అంతే. మూడు వారాలు వాళ్ల అమ్మ అల్ వుకైర్ నుంచి టాక్సీలో వచ్చి తీసుకుపోయింది.

నాలుగో మంగళవారం ఫోన్ చేసే ముందు ఆ పిల్ల పక్కన కూర్చుని, నొప్పి నిజంగా ఎక్కడుందని అడిగాను.

"పదకొండింటికి అమ్మీ ఫోన్ల ఆంటీతోని మాట్లాడుతది. మాట్లాడినంక మా ఇంట్ల ఏదో ఒకటి పోతది. ఇక్కడికి వస్తే మాట్లాడదు కదా," అంది.

ఏం పోతుందని అడిగితే వేళ్లు మడిచి చెప్పింది. బాల్కనీ పోయింది. ఆఫియా ఖాలా, అంటే వాళ్ల పిన్ని, ఫోన్ పోయింది. కుట్టు క్లాసు పోయింది. నాలుగో వేలు పట్టుకుని కాసేపు ఆలోచించి వదిలేసింది.

ఫోన్ చేస్తే మరీహా తల్లి వహీదా వచ్చింది. ముప్పై రెండేళ్లుంటాయి. బోధన్ పిల్ల, నాతో మన తెలుగే మాట్లాడేది. కుర్చీలో కూర్చుందో లేదో ఆమె ఫోన్ మోగింది. స్కూలుకు చేరిన, పాపకు మళ్లీ కడుపునొప్పి, అవును నర్సమ్మ దగ్గరనే ఉన్న, అని మెల్లగా జవాబులు చెప్పింది. ఫోన్ పెట్టేశాక నా మొహం చూసి, ఇంట్లో హాల్లో కెమెరా ఉందని, తను తలుపు తీస్తే భర్త ఫోన్లో తెలుస్తుందని చెప్పింది. ఫ్రిజ్ ఉంది, సోఫా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది.

ఆమె భర్త అతీఖ్ రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో సూపర్‌వైజర్. ఆదివారం పొద్దున పోతే గురువారం సాయంత్రమే ఇంటికి వస్తాడు. మధ్య రోజులు అల్ ఖోర్‌లో కంపెనీ క్యాంపు. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. కిందటేడు బోధన్‌లో తన అమ్మ పోయినప్పటి నుంచి వహీదాకు నిద్ర లేదు. అన్నం కలుపుకుని అట్లాగే కూర్చుండిపోయేది. అది చూసి అతీఖే కౌన్సెలింగ్ మాట ఎత్తాడు. తనే వెతికి హైదరాబాద్‌లో మెహర్ సుల్తానా అనే ఆవిడను కుదిర్చాడు. వారానికోసారి, మంగళవారం పదకొండింటికి వీడియో కాల్. చుట్టాల్లో ఆడవాళ్లంతా, మా మొగోళ్లు అయితే దర్గాకు తీసుకపోయి తాయెత్తు కట్టించేటోళ్లు, నువ్వు అదృష్టవంతురాలివి అన్నారట.

"ఆమె మంచిదే, సిస్టర్," అంది వహీదా. "అమ్మ గురించి మొదటిసారి ఎవరితోనన్న నోరు విప్పిన్నంటే ఆమెతోనే."

మరీహా చెప్పిన మూడు సంగతులూ అడిగాను. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పింది. బాల్కనీకి తాళం పాప పడిపోతుందేమోనని. చెల్లె ఆఫియాకు అతీఖ్ స్వయంగా ఫోన్ చేసి, నువ్వు మాట్లాడిన ప్రతిసారీ మీ అక్క రెండు రోజులు ఏడుస్తున్నది, కొన్నాళ్లు ఆగమ్మా అని బతిమాలాడు. కుట్టు క్లాసుకు తీసుకుపోయే ఆవిడ కారు నడిపే తీరు బాగాలేదని ఎవరో చెప్పారట. అన్నీ సబబైన కారణాలే.

"వాటి గురించి మెహర్ సుల్తానాకు ఏమన్న చెప్పినవా?" అన్నాను.

వహీదా ఒక్కో వారమే గుర్తు చేసుకుంటూ చెప్పింది. ఏది నీకు బలాన్నిస్తుంది అని ఆవిడ ప్రతివారం అడుగుతుంది. బాల్కనీలో పుదీనా కుండీల దగ్గర కూర్చుంటే అమ్మ పక్కన ఉన్నట్టుంటుంది అని ఒక వారం చెప్పింది. చెల్లె గొంతు వింటే చాలని ఇంకో వారం. కుట్టు మిషన్ చప్పుడులో బుర్ర ఖాళీ అవుతుందని ఇంకో వారం. చెప్పిన వరసలోనే పోయాయి.

అప్పుడు నేను అనవలసిందే అన్నాను. కౌన్సెలర్‌కు చెప్పింది గది దాటకూడదు, భర్తకైనా సరే. ఆమె లేచి పాప బ్యాగు తీసుకుంది. "ఆయన అట్లాంటోడు కాదక్కా," అంది. సిస్టర్ అని పిలిచే మనిషి ఆ ఒక్క మాటకు అక్కా అంది. నాకు ఆమె నమ్మలేదని కాదు, నమ్మిందని అర్థమైంది.

తరువాతి మంగళవారం మరీహా నా గదికి రాలేదు. వహీదా ఆ రోజు పదకొండింటికి ఫోన్ ముందు కూర్చుని మెహర్ సుల్తానాకు ఒక అబద్ధం చెప్పింది. ఆ ఆలోచన నాది కాదు, పూర్తిగా ఆమెదే. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు హాల్లో కెమెరా వైపు చూస్తానని, ఎర్ర లైటు చూస్తే ఎవరో తోడున్నట్టు ధైర్యంగా ఉంటుందని చెప్పింది.

గురువారం సాయంత్రం అతీఖ్ వచ్చాడు. చాయ్ తాగాడు. పాపకు తెచ్చిన చాక్లెట్లు ఇచ్చాడు. తరువాత స్టూలు వేసుకుని ఎక్కి కెమెరా విప్పాడు. ఎందుకని వహీదా అడిగింది.

"మిషన్ మీద ఆధారపడుడు మంచిది కాదు వహీదా," అన్నాడు. "నేనున్న కదా."

ఆదివారం పొద్దున పాపను దింపడానికి వచ్చి వహీదా ఈ మాట నాకు చెప్పింది. చెబుతూ నవ్వింది. కెమెరా పోయినందుకు సంతోషించాల్సిన మనిషి. కానీ రాత్రంతా ఆమె ఇంకోటి లెక్కేసుకుంటూ కూర్చుంది. తను మెహర్ సుల్తానాకు మొట్టమొదటి రోజున ఏం చెప్పిందో గుర్తుకొచ్చింది. నీవు దేనికోసం బతుకుతున్నావని ఆవిడ అడిగింది. నా బిడ్డ కోసమని వహీదా చెప్పింది.

ఆమె భయం పది రోజులకే నిజమైంది. అతీఖ్ సెలవుల తరువాత మరీహాను నిజామాబాద్‌లో తన తల్లి దగ్గర ఉంచుదామన్నాడు. ఒక్క ఏడాదే అన్నాడు. నీ మనసు కుదుటపడాలంటే బరువు తగ్గాలి, పాప కూడా నీ ఏడుపు చూసి కడుపునొప్పి తెచ్చుకుంటున్నది, స్కూలు నుంచి ఎన్నిసార్లు పిలిచారో చూడు అన్నాడు. ఆ నొప్పులన్నీ తేదీలతో సహా నా రిజిస్టర్‌లో నా చేతిరాతతోనే ఉన్నాయి. తల్లిని కాపాడుకోవాలని పిల్ల చేసిన ఉపాయం ఆ పిల్లనే దూరం చేయడానికి సాక్ష్యమైంది.

ఆ వారంలోనే వహీదాకు ప్రభుత్వ హెల్త్ సెంటర్‌లో మానసిక వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పించాను. కెమెరా లేదు కాబట్టి ఇంటి నుంచి బయలుదేరగలిగింది. డాక్టరమ్మ సూడాన్ మనిషి. ఉర్దూ తెలిసిన ఒకామెను అనువాదానికి కూర్చోబెట్టారు. వహీదా అరగంట నోరు తెరవలేదు. చివరకు డాక్టరమ్మ ఆ అనువాదకురాలిని బయటకు పంపింది. అప్పుడు వహీదా తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో, చేతులతో, ఆగి ఆగి చెప్పుకుంది. ఇక్కడ చెప్పింది ఎవరికీ పోదు, పోవాల్సి వస్తే ముందు నీకే చెబుతాను అని డాక్టరమ్మ మూడుసార్లు అనాల్సి వచ్చింది.

తప్పు జరిగింది ఆ శుక్రవారం. అతీఖ్ ఇద్దరం కలిసి మెహర్ సుల్తానాతో మాట్లాడుదామని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. పాపను పంపడం మంచిదని ఆవిడ చేత చెప్పించాలని. వహీదా అంతదాకా ఓర్చుకుని, సూటిగా అడిగింది. నేను చెప్పినవన్నీ ఈయనకు చెప్తున్నరా అని.

ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "ఆయన నీ భర్త. నీ గురించి ఆయనకు తెలియనిది ఏముండాలె? నీవు వస్తువుల మీద, మనుషుల మీద వాలిపోతున్నవు. ఆయన మీద ఆనుకోవాలని మేమిద్దరం చూస్తున్నం," అంది. ప్రతి బుధవారం ఆయనకు రిపోర్టు పంపుతుందట. దాపరికం ఏముంది అన్నట్టే చెప్పింది. తను మేలే చేస్తున్నానని నమ్మింది ఆ మనిషి.

ఈ ఆలోచనలు నీకు ఎవరు ఎక్కించారు అని అడిగింది తరువాత. వహీదా కోపంలో నా పేరు చెప్పేసింది.

సోమవారం అతీఖ్ సెలవు పెట్టి స్కూలుకు వచ్చాడు. నేను అతన్ని చూడటం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గడ్డం, తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నా గదిలో చెప్పులు విప్పేవాళ్లు ఎవరూ లేరు. పాపను బాగా చూసుకుంటున్నందుకు కృతజ్ఞతలు చెప్పాడు.

"వహీదాకు మీరంటే చాన ధైర్యమట సిస్టర్," అన్నాడు. "ఆమెకు ఎవరంటే ధైర్యమో నాకు తెలిసుండాలె కదా."

ఎక్కడా కటువుదనం లేదు. గొంతులో బతిమాలే మెత్తదనం ఉంది. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి పావుగంట కూర్చుని పోయాడు. మధ్యాహ్నం నాకు పిలుపొచ్చింది. పిల్లల తల్లులతో వైద్యం సంగతి తప్ప వేరే మాట్లాడవద్దని రాతపూర్వకంగా చెప్పారు. అతీఖ్ ఇచ్చిన ఫిర్యాదులో తప్పు మాట ఒక్కటి లేదు. నేనే చదివాను. సంతకం పెట్టి నా గదికి వచ్చి కూర్చుంటే, మరీహా మడవకుండా వదిలేసిన నాలుగో వేలు గుర్తొచ్చింది.

నేను వహీదాతో మాట్లాడలేకపోయాను. కానీ డాక్టరమ్మ మాట్లాడింది. తల్లి మనసు స్థిరంగానే ఉందని, పిల్లను ఇప్పుడు తల్లి నుంచి వేరు చేస్తే ఇద్దరికీ హాని అని రాసిచ్చింది. ఇక్కడే నజ్మాలో వహీదాకు ఒక మేనమామ ఉన్నాడు, ఇక్రాముద్దీన్. ఇరవై ఏళ్లుగా అక్కడ హోటల్లో బిర్యానీ మాస్టర్. పెళ్లికి వచ్చాడు, మళ్లీ ఇంటికి రాలేదు, అతీఖ్ పిలవలేదు. వహీదా ఆ కాగితం తీసుకుని టాక్సీలో ఆయన దగ్గరకు పోయింది. వంటగది వెనక నిలబడి అంతా చెప్పిందట. ఆయన ఆ ఇంగ్లీషు కాగితం చదవలేకపోయాడు. మడిచి జేబులో పెట్టుకుని, శుక్రవారం నమాజు అయినంక వస్త బిడ్డా అన్నాడు.

చెప్పినట్టే వచ్చాడు. బోధన్ వాళ్లైన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. గొడవ జరగలేదు. అతీఖ్ అందరికీ షర్బత్ ఇచ్చాడు. కాగితం చదివి వినిపించింది కూడా అతనే, ఒక్క పదం వదలకుండా. పాపతో పాటు తల్లి కూడా ఊరికి పోతుందని ఇక్రాముద్దీన్ అన్నాడు. అలాగే మామూ అన్నాడు అతీఖ్. ఇద్దరూ మా అమ్మ దగ్గర ఉంటారు కదా అన్నాడు. ఎవరూ కాదనలేదు. పాస్‌పోర్టులు బీరువాలోంచి తీసి వహీదా చేతికి కాదు, ఇక్రాముద్దీన్ చేతికి ఇచ్చాడు. ఎయిర్‌పోర్టుకు తనే దింపాడు. లోపలికి పోయేదాకా నిలబడి చెయ్యి ఊపాడు.

మేనమామ ముందే ఫోన్ చేసి చెప్పడంతో శంషాబాద్‌లో ఆఫియా కారు మాట్లాడుకుని ఎదురుచూస్తూ ఉంది. బండి నిజామాబాద్‌లో అత్తగారి వీధికి మళ్లలేదు. నేరుగా బోధన్ పోయింది.

అది జూన్‌లో. ఇప్పుడు జనవరి. వహీదా పుట్టింట్లోనే ఉంది. నెలకు రెండుసార్లు నిజామాబాద్ సర్కారు ఆసుపత్రిలో ఒక కౌన్సెలర్ దగ్గరకు పోతుంది. అక్కడి అమ్మాయి ఓపిక గలదట. నీకు ఏం చేస్తే బాగుంటుంది అని ఇప్పుడు అడగదు. మొదట్లో ఒకసారి అడిగితే వహీదా కుర్చీలోంచి లేచి బయటకు వచ్చేసింది. ఆఫియా చీర కొనడానికి తీసుకుపోతే రంగు చెప్పదట. షాపువాడు పది చీరలు పరిస్తే, నీ ఇష్టం అని చెల్లె వైపు చూస్తుందట. ఈ సంగతులన్నీ ఆమే నాకు ఫోన్లో చెబుతుంది. ఫోన్ చేసినప్పుడల్లా మొదట, మీ ఉద్యోగం ఉందా అక్కా అని అడుగుతుంది. ఉందంటాను.

అతీఖ్ విడాకులివ్వలేదు. తిట్టలేదు, కేసు పెట్టలేదు. చుట్టాలందరికీ వహీదా ఆరోగ్యం బాగుపడాలని దువా చేయమని చెబుతాడు. శుక్రవారాలు పాపతో వీడియో కాల్ మాట్లాడుతాడు. తండ్రి కదా, వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. పోయిన శుక్రవారం మాట్లాడినప్పుడు వహీదా పక్క గది తలుపు దగ్గర నిలబడి విన్నది. కొత్త బడి గురించి అడిగాడు. అన్నం తిన్నావా అని అడిగాడు. తరువాత, బోధన్‌లో నీకు అన్నిటికంటే ఏది బాగా నచ్చింది బేటా అని అడిగాడు.

మరీహా ఒళ్లో ఆఫియా వాళ్ల పిల్లిపిల్ల ఉంది. పొద్దంతా దాన్ని దించదు. దాన్ని మెల్లగా నేల మీదికి, ఫోన్లో కనబడకుండా దించింది.

"ఏం లేదు అబ్బాజాన్," అంది. "ఇక్కడ నాకు ఏదీ నచ్చలే."