ముప్పైమందికి ఒక్క ఓటు

నా చిన్నప్పుడు నేను బడికి నడిచి వెళుతుంటే నా వెనకాల నా పీట వచ్చేది. టేకుది, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు దిగ్గొట్టినది. తోటి పిల్లలు రోజుకొకరు వంతులవారీగా దాన్ని మోసేవాళ్లు. తరగతిలో అందరూ నేల మీద కూర్చుంటే నేను కిటికీ పక్కన దాని మీద కూర్చునేదాన్ని. అప్పటికే మా భూములు పోయాయి. సరూర్‌నగర్ వైపు మామిడితోట కూడా ప్లాట్లయింది. దొరసాని పీటకు మాత్రం మర్యాద పోలేదు.

ఒక వేసవిలో మా సోషల్ సారు చరిత్ర, పౌరశాస్త్రం చెప్పే పంతుళ్లకు పట్నంలో పెట్టిన శిక్షణకు వెళ్లొచ్చారు. ఐరోపా చరిత్రను చదివి వినిపించడం కాదు, పిల్లలచేత ఆడించి చూపించాలని అక్కడ నేర్పారట. సారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడేవారు. ఒక మధ్యాహ్నం రేకుల కప్పు కింద అందరూ ఉడికిపోతుంటే, "ఏరా, బయట వేపచెట్టు కిందికి పోదామా? ఫ్రాన్సు రాజుగారి సభలో లాగా ఓటేసుకుందాం" అన్నారు. మతగురువుల వర్గమని పూజారిగారి అబ్బాయిది ఒక ఓటు. దొరల వర్గమని నాది ఒకటి. మూడో వర్గమని మిగతా ముప్పైమందిదీ కలిపి ఒకటి.

కిటికీ గాలి మా ఇద్దరికీ తగులుతోంది. లోపలే ఉందామన్నాం. రెండుకు ఒకటి. మళ్లీ వేయించారు. మళ్లీ అంతే.

"గిదేం లెక్క సారూ! ముప్పైమందిమి కలిస్తే ఒక్కరమా?" అని వెనక నుంచి ఒక పిల్ల లేచింది.

"దొరసాని ఓటు పడ్డది గదనే, ఇగ మనం ఉడుకుడే!" అంది ఇంకొకతె.

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫ్రాన్సులో ఆ మూడో వర్గం వాళ్లకు సభ తలుపులు మూసేస్తే, దగ్గరలోని ఆటశాలకు నడిచిపోయి అక్కడే సమావేశమయ్యారని సారు చెప్పారు. అంతటితో ఆపి ఊరుకున్నారు. పిల్లలు ఒకరి తరవాత ఒకరు లేచి చెట్టు కిందికి నడిచారు. పూజారిగారి అబ్బాయి నావైపు ఒకసారి చూసి వాళ్ల వెంటే పోయాడు. ఖాళీ గదిలో నేనూ, నా పీటా మిగిలాం. నేను ఏడవలేదు, మా ఇంట్లో ఏడవరు. కోపంతో పళ్లు నూరుకుంటూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

వంతు పిల్ల రాలేదు. మైలు దూరం నా పీట నేనే మోసుకుపోయాను. అది అంత బరువని అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాడు నేల మీద కూర్చున్నాను. సారు పాఠం మొదలుపెట్టారు.

నేనూ సోషల్ టీచర్నయి, అదే పాఠం చెప్పి చెప్పి రిటైరయ్యాను. పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో సోషల్ టీచర్లకు ఐరోపా చరిత్ర మీద శిక్షణ పెట్టి, నన్నూ మాట్లాడమన్నారు. ముందు వరుసలో అధికారులకని తెల్లగుడ్డ పరిచిన సోఫాలు. ఆ పెద్దలు దీపం వెలిగించి, ఫొటో దిగి వెళ్లిపోయారు. సోఫాలు ఖాళీ. బాటసింగారం అవతలి బడుల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పంతులమ్మలు కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎదురుగా తెర మీద సమానత్వం గురించి రంగురంగుల బొమ్మలు! నాకు ఒళ్లు మండిపోయింది.

ఇదేమిటని అడిగితే, "పెద్దసార్లు మళ్ల వస్తరేమో మేడం. మీరు కూసోండి, పెద్దింటోళ్లు. వాళ్లు టీచర్లే గదా" అన్నాడు నిర్వాహకుడు.

టీచర్లేనట! ఆ తెల్లగుడ్డ నేనే లాగిపారేసి, రండమ్మా, కూర్చోండి అన్నాను.

"వద్దు మేడం, మా మీద పైకి రాస్తరు" అంది ఒకామె.

"నా పేరు రాయమను" అన్నాను.

ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నాకోసం ఎవరో జరగబోతే వద్దన్నాను. గంటసేపు నిటారుగా నిలబడే పాఠం చెప్పాను. వెన్ను వంగకపోవడం మా ఇంటి అలవాటు. చేతులకు మాత్రం ఆ టేకు పీట బరువు ఇంకా తెలుస్తూనే ఉంది.