ఖాజాగూడ దారిలో ఆగే బండి

మా ఆయనకు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయిన మూడో నెలలో నేను కారు నడపడం నేర్చుకున్నాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. బాలానగర్‌లో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆయన దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. తెనాలి వైపు నుంచి వచ్చి మూసాపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పిల్లలు లేరు. డెబ్బైల మొదట్లో మాట ఇది.

కారు అంతకు రెండేళ్ల ముందు కొన్నది. చిన్న కారు, మా చేతికి వచ్చేసరికే ఇద్దరు వాడి వదిలేసింది. నలుగురు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఆయనకు మాత్రం అదంటే ప్రాణం. ఫ్యాక్టరీ నుంచి రాగానే బానెట్ ఎత్తి ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవాడు. పక్షవాతం వచ్చాక అది వాకిట్లో దుమ్ము కొట్టుకుపోయి ఉండిపోయింది.

దవాఖానలో డాక్టర్లు చేయగలిగింది చేసి, ఇక ఇంట్లోనే కసరత్తు చేయించమన్నారు. మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటిగలామె ఒకరోజు వచ్చి, "ఖాజాగూడల ఒక ముసలాయన ఉన్నడమ్మా. నూనె పెట్టి తోముతడు. మంచంల పడ్డోళ్లు లేసి నడిచిండ్రు. ఒకసారి తీస్కపోయి చూపియ్యి," అంది. ఆ ఊరికి అప్పట్లో బస్సు లేదు. మాదాపూర్ మీదుగా బండల మధ్య మట్టిదారి. రిక్షావాళ్లు ఆ పేరు వింటేనే మొహం తిప్పుకునేవాళ్లు. అలా కారు తాళాలు నా చేతికొచ్చాయి.

నేర్పింది ఆయనే. పక్కన కూర్చుని ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో నాలుగు వారాలు నేర్పాడు. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి గేరు ఆయనే మార్చేవాడు. నేను క్లచ్ తొక్కి "ఊ" అనేదాన్ని, ఆయన గేరు వేసేవాడు. అది మాకు ఎంత అలవాటైపోయిందంటే, మొదటిసారి నేనొక్కదాన్నే బడికి బయల్దేరిన రోజు క్లచ్ తొక్కి "ఊ" అని అలాగే కూర్చున్నాను. వెనక లారీవాడు హారన్ కొడితే గాని గుర్తు రాలేదు, పక్క సీటు ఖాళీ అని.

వారానికి రెండుసార్లు ఖాజాగూడ. బుధవారం బడి వదిలాక ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి. ముసలాయన చెరువు పక్కన బండ నీడలో చాప వేసి, గంటసేపు నూనెతో కాలూ చెయ్యీ తోమేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. మా ఆయన పళ్లు బిగించి, కళ్లు మూసుకుని పడుకునేవాడు. నొప్పిగా ఉందా అని అడిగితే, "పర్లేదు," అనేవాడు.

రెండో నెల నుంచి బండి ఆగడం మొదలైంది. మూసాపేట నుంచి నాలుగైదు మైళ్లు బాగానే పోయేది. తర్వాత తుమ్మినట్టు రెండుసార్లు కుదిపి, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా ప్రాణం లేనట్టు మెల్లగా ఆగిపోయేది. ఆయన కిందికి దిగలేడు. సీట్లోంచే చెప్పేవాడు. "బానెట్ ఎత్తు. పెట్రోల్ లాగే పంపు మీద గాజు గిన్నె ఉంటుంది, దాని మర విప్పు. పెట్రోల్ ఉందా? లేదా? అయితే గొట్టం ఊడదీసి నోటితో పీల్చు."

పీల్చేదాన్ని. మొదటిసారి పెట్రోల్ గొంతులోకి పోయి, దారి పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. ఆ తర్వాత నాలుక చివరికి చల్లగా తగలగానే వదిలెయ్యడం తెలిసింది. కార్బురేటర్ విప్పి అందులోని సన్నని రంధ్రాల్లోంచి ఊదడం తెలిసింది. చివరికి ఆయన ఒక తడిగుడ్డ పంపు మీద వెయ్యమనేవాడు. "వేడికి పెట్రోల్ ఆవిరైపోతోంది. చల్లారితే అదే వస్తుంది," అనేవాడు. నిజంగానే పదిహేను నిమిషాలు ఆగి చూస్తే బండి కదిలేది. అందుకని నేనూ నమ్మాను. సీసాలో నీళ్లు, ఒక పాత తువ్వాలు ఎప్పుడూ కారులో ఉండేవి.

ఆరు నెలలు అలా గడిచాయి. పొద్దున లేచి వంట, ఆయనకు స్నానం, బడి, మళ్లీ వంట, కాంపోజిషన్ పుస్తకాలు దిద్దడం. వాటి మధ్య ఈ బండి. చేతులకు ఎంత సబ్బు రాసినా పెట్రోల్ వాసన పోయేది కాదు. ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుకునేవాళ్లు. నాకు కోపం కూడా వచ్చేది కాదు. బోర్డు మీద పద్యం రాస్తూ రాస్తూ తరువాతి పాదం మర్చిపోయి, సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయిన రోజులున్నాయి. ఎవరైనా ఇంటికొచ్చి ఎలా ఉన్నారు అని అడిగితే, ఆయన ఎలా ఉన్నాడో చెప్పేదాన్ని. నేనెలా ఉన్నానో అడుగుతున్నారని తట్టేది కాదు.

చలికాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున మంచు ఇంకా బండల మీదే ఉంది. మాదాపూర్ దాటాక బండి అలవాటు ప్రకారం ఆగింది. తడిగుడ్డ తీసుకుని దిగి, పంపు మీద వెయ్యబోయి, ముందు చేత్తో తాకి చూశాను. ఇనుము చల్లగా ఉంది.

"ఏమండీ, ఇది వేడెక్కనే లేదు," అన్నాను.

ఆయన కిటికీలోంచి అటు బండల వైపు చూస్తూ, "లోపల వేడిగా ఉంటుందిలే. గుడ్డ వెయ్యి," అన్నాడు.

ఇరవై ఏళ్లు మిషన్ల మధ్య బతికిన మనిషి అనాల్సిన మాట కాదది. అయినా నాకు వాదించే ఓపిక లేదు. గుడ్డ వేశాను. ఒక బండ మీద కూర్చున్నాను. ఆయన సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. పదిహేను నిమిషాలకు బండి కదిలింది.

మర్నాడు బడి అయ్యాక ఒక్కదాన్నే కూకట్‌పల్లి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. రోడ్డు పక్క రేకుల షెడ్డు. తెల్లగడ్డం పెద్దాయన. అంతకుముందు రెండుసార్లు కార్బురేటర్ శుభ్రం చేసి పంపాడు. పంపు చల్లగా ఉన్నా బండి ఆగిందని చెప్పాను. ఆయన చేస్తున్న పని పక్కన పెట్టి విన్నాడు.

"చల్లగ ఉన్నా ఆగిందా? గా ముచ్చట ముందు చెప్పకపోతివమ్మా. గట్లయితే వేడి కాదు. జర కూసో, చూస్త."

పంపు దగ్గర గొట్టం విప్పి, సైకిల్ పంపుతో వెనక్కి గాలి కొట్టాడు. వెనక టాంకులో గుడగుడమని చప్పుడైంది. బండి స్టార్ట్ చేసి బొంబాయి రోడ్డు మీద తిప్పుకొస్తానని పోయాడు. పోయినవాడు అరగంటకు గాని రాలేదు.

"మూడు మైళ్లకే బందైంది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "టాంకుల ఏదో ఉన్నదమ్మా. పంపు గుంజుతుంటే వచ్చి గొట్టం మూతికి అతుక్కుంటది. బండి ఆగినంక మెల్లగ ఊడి పక్కకు పోతది. నువ్వు తడిగుడ్డ ఏస్తె నడిచింది అనుకున్నవు. గుడ్డతోని కాదు, నువ్వు ఆగినందుకు నడిచింది."

టాంకు దింపాడు. నేను స్టూలు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెట్రోల్ వంపేసి, వంచిన తీగ లోపలికి పెట్టి చాలాసేపు కెలికాడు. చివరికి ఒక గుడ్డ బయటికి లాగి నా ముందు పరిచాడు. జానెడు పొడుగు, ఎర్ర అంచు. మా ఆయన ఫ్యాక్టరీలో చేతులు తుడుచుకోవడానికి ఇచ్చే గుడ్డ. వాటిని ఎన్నిసార్లు ఉతికానో లెక్కలేదు.

"సారు మూత బదులు కుక్కినట్టున్నడు. లోపలికి జారింది," అన్నాడు పెద్దాయన మామూలుగా. మళ్లీ టాంకు బిగించే పనిలో పడ్డాడు.

ఇంటికొచ్చి గుడ్డ ఆయన ముందు పెట్టాను. అన్నం ఇంకా పెట్టలేదు. ఆయన దానివైపు చూశాడు, ఏమిటని అడగలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"టాంకు మూత పోయిందప్పుడు. కొత్తది దొరికేదాకా అది పెట్టా. లోపలికి జారిపోయింది. తీద్దామనుకుంటుండగానే ఇదొచ్చింది," అంటూ కుడిచేత్తో ఎడమచేతిని చూపించాడు.

"మర్చిపోయారా?"

గుడ్డను కుడిచేత్తో మడిచాడు. "మొదట మర్చిపోయా. బండి రెండోసారి ఆగినప్పుడు గుర్తొచ్చింది."

"మరి నాతో అదంతా ఎందుకు విప్పించారు? పెట్రోల్ ఎందుకు పీల్పించారు?"

తల దించుకున్నాడు. "ఆ ముసలాయన తోముతుంటే ప్రాణం పోతుంది. చెయ్యీ కాలూ ఏమీ రావడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నువ్వు ఇంత కష్టపడి తీసుకెళ్తున్నావు, వద్దని ఎలా చెప్పను? బండి ఆగిన ఆ కాసేపూ చెయ్యి ఎత్తు, కాలు కదుపు అని ఎవరూ అనరు. ఊరికే కూర్చోవచ్చు."

నాకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా. రాలేదు. బండ మీద కూర్చున్న ఆ పదిహేను నిమిషాలు గుర్తొచ్చాయి. వారం మొత్తంలో నేను ఏ పనీ లేకుండా కూర్చున్నది అప్పుడే. అది ఆయనతో అనలేదు.

"అయితే మానేద్దాం," అన్నాను.

"నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను. నావల్ల కూడా కావడం లేదు."

అన్నం కలిపి పెట్టాను. ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత ఒక్కసారే ఖాజాగూడ వెళ్లాం, ముసలాయనకు చెప్పి రావడానికి. చెప్పకుండా మానేస్తే బాగుండదని ఆయనే అన్నాడు. ముసలాయన ఏమీ అనుకోలేదు. "నరం ఎంత ఇయ్యాలనో అంతే ఇస్తది బిడ్డా," అని, ఒక సీసా నూనె చేతిలో పెట్టాడు. ఆ దారిలో పోతూ వస్తూ బండి ఎక్కడా ఆగలేదు.

ఆయన ఎడమచెయ్యి మళ్లీ రాలేదు. కర్ర పట్టుకుని నడిచేంత వరకు కాలు వచ్చింది, అది కూడా దానంతటదే, రెండేళ్లకు. ఫ్యాక్టరీవాళ్లు స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు. బండి ఇంకో ఏడాది నడిచి, పంపు లోపలి తోలు చిరిగి మళ్లీ మొరాయించింది. సరిపోయే తోలు ఎక్కడా దొరకలేదు. దాన్ని కూకట్‌పల్లి పెద్దాయనకే అమ్మేశాం. ఇద్దరం బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాం. బస్సులో నాకు ఎప్పుడూ నిద్ర పట్టేది. దిగాల్సిన స్టాపు వస్తే ఆయన నా భుజం తట్టి లేపేవాడు.