పసుపులో తేలిన ఊరు

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఏడు, మేము హనుమంతునిపాడు వదిలి మార్కాపురం చేరాం. నాయన పలకల గనిలో రాయి తీసేవాడు. అమ్మ, మా అవ్వ ఇంటి ముందు కూర్చుని ఆ రాతిని నున్నగా రుద్ది పలకలు చేసేవాళ్లు. మా పేర్లు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. మేము వలసోళ్లం, అంతే.

ఒకరోజు బోరింగు దగ్గర నేను నింపుకున్న బిందెను ఎదురింటి పెద్దమ్మ కాలితో తన్ని ఒంపేసింది. "ఊరూ పేరూ లేనోళ్లకు ముందు నీళ్లేంది?" అంది. తడిసిన పావడాతో ఏడుస్తూ ఇంటికి వచ్చాను. ఆమె పేరు చెబితేనే నాకు ఒళ్లు మండిపోయేది.

నెల తిరక్కుండా ఆమే మా గడప ముందు నిలబడింది. మనవరాలికి అక్షరాభ్యాసమట, అవ్వ చేతి పలకే కావాలట. నేను గబగబా వెళ్లి లోపల బీటవారిన పలకొకటి ఏరి తెచ్చాను. అవ్వ దాన్ని వేలి కణుపుతో కొట్టి చూసింది. మంచి పలక ఖంగుమంటుంది, ఇది మొద్దుగా పలికింది. నా మొహం చూసి అవ్వకు సంగతి తెలిసిపోయింది. "రేపిస్తాలేమ్మా" అని ఆమెను పంపేసింది.

"బీట పలకిస్తే మన పనే చెడ్డదంటారే పిచ్చిదానా. ఊరు లేదనింది గదా, ఊరే ఇద్దాం" అంది అవ్వ. తనకు చదువు రాదు. ఉన్నవాటిలో మంచి పలక తీసి, మేకు నా చేతికిచ్చి, మూలన మా ఊరి పేరు గీయించింది. నూనె చేత్తో తుడిచేసరికి గీతలు నలుపులో కలిసిపోయాయి. మర్నాడు పెద్దమ్మ ఏమీ కనిపెట్టకుండానే దాన్ని తీసుకుపోయింది.

అక్షరాభ్యాసం రోజు నేను బోరింగు దగ్గరే నిలబడి చూశాను. ఎదురింటి వసారాలో పెద్దమ్మ పలకను కళ్లకద్దుకుని, దాని నిండా పసుపు రాసింది. గీతల్లోకి పసుపు దిగి అక్షరాలు తేలాయి.

"హనుమంతునిపాడని ఉండాదే, ఏందమ్మా ఇది?" అన్నాడు అయ్యవారు. ఆమె మొహం మాడిపోయింది. పలక మార్చబోతే, "పూజ చేసినాక మార్చగూడదు" అన్నాడాయన. మా ఊరి పేరు పక్కనే ఆ పిల్ల తొలి అక్షరం దిద్దింది. ఆ సంతోషం నాలో ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు ఆ వీధిలో మాకూ సొంత ఇల్లుంది. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది, ఎదురింట్లో ఇప్పుడు ఆమె వాళ్లే ఉంటున్నారు. నేను మాత్రం ఆమెను క్షమించలేదు. ఈమధ్య గనుల పనికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి చేరాయి. వీధి కొళాయి దగ్గర ముందు వాళ్ల బిందెలే పెట్టిస్తాను, ఒక్కొక్కరినీ "మీదేవూరమ్మా?" అని గట్టిగా అడిగి మరీ. ఎదురింటికి వినపడాలి.